అద్దం మీది గుడ్డ

సాయంత్రపు అసర్ అజాన్ అయిపోయింది. ఇంక పొద్దుగూకాక ఇచ్చే మగ్రిబ్ అజాన్ వినబడితే చాలు, మైమూన్ ఇద్దత్ తీరిపోతుంది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడది పరాయి మగవాళ్ళ కంట పడకుండా గడప లోపలే ఉండిపోవలసిన గడువది. నాలుగు నెలల పైచిల్లర. ఆ నెలలన్నీ ఎలా గడిచాయో గడిచాయి గానీ, ఈ రెండు అజాన్ల మధ్య ఉన్న కాస్త పొద్దు మాత్రం కదలనని మొండికేసింది. పెట్టె సర్దడం అయింది. పొయ్యి ఆర్పడం అయింది. కడవలో నీళ్ళు ఒంపేసి బోర్లించడమూ అయింది. ఇంక చేయడానికి పనేమీ లేక ముందుగదిలో కిటికీకి ఎదురుగా చాప మీద కూర్చుంది. పులివెందుల నుంచి అన్న నబీ రసూల్ వస్తున్నాడు. కొత్త కోక తెస్తాడు. ఇద్దత్ తీరిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కోక పెట్టి తీసుకుపోవడం మర్యాద. కట్టుకోమంటాడు, పెట్టె ఎత్తుకుంటాడు, తాళం వేయమంటాడు, రాత్రి బస్సెక్కిస్తాడు. ఆ తాళం మళ్ళీ మైమూన్ చేతికి రాదు. ఇల్లు నూలు వ్యాపారి ఎవరికో గోదాముగా ఇస్తానని మాటిచ్చాడట. గోదాముకు కిటికీ ఎందుకు, ఇటుకలు పెట్టి మూసేస్తారట. పోయినసారి వచ్చినప్పుడు అన్నం తింటూ ఈ మాట ఎంతో తేలిగ్గా చెప్పాడు. "నీకేం బయం లేదుమ్మే, నేనుండా గదా," అన్నాడు. తనూ తల ఊపింది. నీ ఇష్టమన్నా అంది. ఆ రోజుల్లో ఎవరేమడిగినా అదే మాట. తినమన్నా మీ ఇష్టమే, పడుకోమన్నా మీ ఇష్టమే. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుందామంటే నోరు రావడం లేదు. పోవాలని లేదు. ఎందుకు లేదో అడిగితే చెప్పలేదు గానీ, పోవాలని మాత్రం లేదు.

కిటికీ ఇప్పుడు కిటికీలా లేదు. అద్దం కనబడకుండా పైనుంచి కింది దాకా గుడ్డ అంటించేశారు. మొగుడి మయ్యత్తు గోరీలకు లేచిపోయిన సాయంత్రమే పక్కింటి దిల్‌షాద్‌బీ ఖాలా కొంగు దోపుకుని ఆ పనికి దిగింది. పరదా కడితే చాలని మసీదు పేషిమామ్ చెప్పి పంపినా వినలేదు. "పరదా గాలికి లేస్తాది. సందులో పొయ్యేవోళ్ళ కండ్లు యాడుంటాయో ఎవురికి తెలుసు? అంటిచ్చేస్తే పోతాది," అని, గిన్నెడు మైదా ఉడికించి, పాత చీర రెండుగా చింపి అద్దానికి పులిమి అతికించింది. మూలన గోడకానుకుని ఉన్న మైమూన్‌కు అంత దుఃఖంలోనూ ఒకటే తోచింది: ఖాలా బంకలో మైలుతుత్తం కలపలేదు. చిటికెడు మైలుతుత్తం లేని మైదాబంక బొద్దింకలకు విందుభోజనం. ఈ ఇంట్లో ఎన్నేళ్ళు బంక ఉడికించింది తను, ఆ నీలపు పొడి కలపకుండా ఒక్కనాడు గిన్నె దించింది లేదు. చెబుదామని నోరు తెరిచి మూసుకుంది. మొగుణ్ణి మట్టికిచ్చిన పూట మైలుతుత్తం గురించి మాట్లాడితే నలుగురు ఆడవాళ్ళూ ఏమనుకుంటారు? దీనికి ఏడుపు రావడం లేదనుకోరూ? నిజానికి అప్పుడు ఏడుపు రావడం లేదు కూడా. తరవాత వచ్చింది, ఎవరూ లేనప్పుడు, ఉల్లిగడ్డ కోయకుండానే. సరే, ఖాలా పోయింది, బొద్దింకలు వచ్చాయి. నెల తిరక్కుండా పై మూలన గుడ్డ లేచి ఆకులా వేలాడింది. ఆ సందులోంచి పగలు నాలుగు వేళ్ళంత వెలుతురు పడేది. అది పొద్దున గూటి దగ్గర మొదలై, మధ్యాహ్నానికి చాప ఎక్కి, ఇదిగో, ఈ వేళకు అవతలి గోడకు ఆనించిన అద్దం పలకల మీదికి చేరేది. ఇంట్లో తనతోపాటు కదిలే వస్తువు అదొక్కటే. ఒక్కోసారి దానితో మాట్లాడేది. ఇంకా ఈడనే ఉండావా అనేది. వచ్చినావా అనేది. పిచ్చేమోనని తనకే భయమేసేది.

అసలీ కిటికీ ఎవరికోసం పెట్టిందని? పెళ్ళయి వచ్చినప్పుడు ఇక్కడ కిటికీ లేదు. పులివెందుల పక్కన నాయన చీనీతోటలు, బత్తాయి తోటలు, గుత్తకు పట్టేవాడు. పూతనుంచి కాయ దిగేదాకా తోటలోనే కాపురం, తాటాకుల గుడిసె, నాలుగు దిక్కులా ఆకాశం. తెల్లారకముందే బావి దగ్గర ఎద్దులతో కపిల తోలే చప్పుడు, బాన నీళ్ళు కాలవలో దబ్బున పడే చప్పుడు. చీనీపూత వాసనకు తలనొప్పి వస్తుందని అమ్మ తిట్టేది. అక్కణ్ణించి తెచ్చి ఈ పొద్దుటూరు సందులో, రెండు గోడల మధ్య, మగ్గాల చప్పుడు మధ్య పడేశారు. గోషా అని బయటికి పోనివ్వరు. గదిలో పగలు కూడా బుడ్డి వెలిగించుకోవాలి. ఆకాశం చూడాలంటే పెరట్లోకి పోయి మెడ విరిచి చూడాలి, అదీ చాపంత ఆకాశం. తను ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ మొగుడు హబీబుల్లా చూశాడు. అద్దాలు కోసేవాడికి, పటాలు కట్టేవాడికి చూపే కదా బతుకు. ఒకరోజు అత్త దర్గాకు పోయి వచ్చేసరికి గోడకు బొక్క, బొక్కకు చౌకట్టు, చౌకట్టులో నిలువెత్తు అద్దం! ఇంటిమీద బాంబు పడ్డట్టు అరిచింది ఆమె. కోడలి మొహం ఊరందరికీ చూపిస్తావా అని.  ఆయన తల్లిముందు నోరెత్తే రకం కాదు. పలచని మల్లుగుడ్డ తెచ్చి, మైలుతుత్తం కలిపిన బంకతో అద్దం కింది సగానికి లోపలినుంచి అంటించాడు, ఒక్క ముడత లేకుండా, ఒక్క బుడగ లేకుండా. కింద గుడ్డ, పైన ఆకాశం. సందులో పోయేవాళ్ళకు ఇంట్లోది కనబడదు, కూర్చున్న తనకు మాత్రం ఎదురింటి మిద్దె, దానిమీద మబ్బు, పిట్టగోడ మీద పావురాళ్ళు కనబడతాయి. అత్త గొణిగి ఊరుకుంది. కడ్డీలు పెట్టవా అని అడిగితే, "కడ్డీలు పెడితే జైలు మాదిరుంటాది," అన్నాడు. మరి దొంగలొస్తే? బయటినుంచి ఊడదీయడానికి లేకుండా అద్దాన్ని పట్టి ఉంచే చెక్క బద్దలు లోపలివైపునుంచే కొట్టాడు. ఎవడైనా రాయి విసిరితే? "విసరనీ. పగిలేదానికి మనమేం చేస్తాం? పగిలినా ఆడికాడే ఉండాల, అంతే. గుడ్డ ఉండేది దానికే," అన్నాడు. మూడు మాటలు పొదుపు చేసుకోగలిగితే చేసుకునే మనిషి ఆ పూట అంత మాట్లాడాడంటే ఎంత సంబరపడి ఉండాలి! ఆ సంబరం తనకోసమేనని ఆ క్షణాన అర్థం కాలేదు. ఇన్నేళ్ళకు, ఆయన లేకుండా పోయాక, గుడ్డ నిండా కప్పేసిన ఈ కిటికీ ముందు కూర్చున్నాక అర్థమై ఏం లాభం?

గుడ్డ ఆయనకు కొత్త కాదు. ఎర్రగుంట్ల స్టేషనులో గడ్డి పరిచిన పెట్టెల్లో దిగే పెద్ద అద్దాలను బండి మీద ఊళ్ళకు చేర్చేటప్పుడు ప్రతి పలకకూ పాత పంచె పేలికలు ఈ మూలనుంచి ఆ మూలకు అంటించేవాడు. చీలిక పడినా ముక్కలు రాలకూడదు, ఎద్దు కాలికి గుచ్చుకోకూడదు, పక్క పలకను గీరకూడదు. పేలికలు చింపడం, బంక ఉడకబెట్టడం తన పని. అంటించడం ఆయన పని. పలకను కోసేటప్పుడు ఆ చివర పట్టుకోవడం మళ్ళీ తన పనే. మొదటిసారి పట్టుకున్నప్పుడు వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకుంది. జారి పగిలితే అత్త చంపేస్తుందని. "గట్టిగా కాదు. ఊరికే పట్టుకో," అన్నాడు. బిగించి పట్టుకుంటే అద్దం తన గీతను తాను వదిలేసి ఎటో చీలుతుందట. ఊరికే పట్టుకోవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి తనకు ఏడాది పట్టింది. వజ్రపు మొన ఉన్న కలం కీచుమంటూ గీసుకుంటూ పోయేది, ఆయన ఊపిరి బిగబట్టేవాడు, తనూ బిగబట్టేది. గీత చివరికి చేరాక ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళు. అత్త కూడా పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో అదే వాళ్ళిద్దరి ముచ్చట. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు తను ఆ కలం తీసి ఫొటోల పటాలకు చిన్న చిన్న అద్దాలు కోసేది. లేచాక చూసి, వేలితో అంచు తడిమి, "శానా సన్నం గీత. నాది ఇంత సన్నం రాదు," అనేవాడు. అది పొగడ్తో ఎకసెక్కమో తేలేది కాదు. ఆ కలం ఇప్పుడు ఎక్కడుంది? పెట్టెలో అడుగున, బట్టల కింద పెట్టింది. పులివెందులలో దానితో ఏం చేస్తుందట? చీనీకాయలు కోస్తుందా? ఎందుకు పెట్టినట్టు? పెట్టింది, అంతే.

ఆయన పోయింది ఈ ఏటి మే నెలలో. జమ్మలమడుగులో ఒక షావుకారు కొత్త మిద్దెకు అద్దాల తలుపులు పెట్టుకుంటున్నాడు. చౌకట్లు చేసినవాడు ఆ ఊరి వడ్లాయన జోసఫ్. మంచివాడు, ఆదివారం తప్పించి మిగతా రోజుల్లో ఈయనతో కలిసి పనిచేసేవాడు. మనిషంత అద్దాలు, అంత పెద్దవి ఈ తట్టున ఎవరూ పెట్టించుకోలేదట. తెల్లారి బయలుదేరాల్సిన బండి ఎద్దు నాడా ఊడిందని పొద్దెక్కాక బయలుదేరింది. ఎక్కి కూర్చోమని బండివాడు ఎంత చెప్పినా ఈయన వినలేదట. అద్దం బండి మీద ఈయనెప్పుడూ ఎక్కలేదు. పక్కన నడుస్తాడు, పలక మీద చెయ్యి వేసి, పసిపిల్లను నిద్రపుచ్చినట్టు. సగం దారిలో ఒక పలక పక్కదానికి తగిలి టకటకమంటోందట. పేలికలు అంటించాడు, గడ్డి దూర్చాడు, అయినా మోగుతోందట. ఏమీ దొరక్క తలగుడ్డ విప్పి ఆ రెంటి మధ్య మెత్తగా దోపాడట. అక్కణ్ణించి జమ్మలమడుగు దాకా ఆ ఎండలో వట్టి తలతో నడిచాడు. ఈ సంగతంతా జోసఫ్ చెప్పాడు, ఆయన్ను బండిలో పడుకోబెట్టి తెచ్చిన రోజున, గడప అవతల నిలబడి, ఏడుస్తూ. "ఒగ అద్దం కూడా పగల్లేదొదినా. అన్నీ బాగుండాయి జోసఫూ అన్న్యాడు. చల్లటి నీళ్ళడిగినాడు. నేను తెచ్చేలోపల..." ఆ తలగుడ్డ మడిచి గడప మీద పెట్టి పోయాడు. ఒక్క అద్దమూ పగల్లేదు! మైమూన్‌కు కోపం వచ్చింది. దుఃఖం కాదు, కోపమే. ఒక్కటి పగిలితే ఏం పోయేది? షావుకారు ఇంకొకటి తెప్పించుకునేవాడు. మోగితే మోగనీయరాదా? అన్నింటికీ గుడ్డ కప్పే మనిషి, తన తలమీది గుడ్డ తీసేశాడే! ఇంట్లో ఒకతి ఉందని తోచలేదా? ఆ కోపం ఎవరితో చెప్పుకోవాలి? చచ్చినవాడి మీద కోపం పెట్టుకోకూడదంటారు. తను పెట్టుకుంది. ఆ కోపమే లేకపోతే ఈ నెలల్లో లేచి పొయ్యి వెలిగించేదే కాదేమో.

సందులో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నారు. అన్న కాదు. అన్న అడుగు గబగబా పడుతుంది. గుడ్డ మీద నీడ వచ్చి, సాగి, పోయింది. ఇన్నాళ్ళూ మనుషులంటే నీడలే. వాళ్ళకు మొహాలు లేవు, గొంతులున్నాయి. అన్నిటికంటే కష్టం ఆ గొంతులు. పల్లెల్లో అందరికీ ఆయన పోయిన కబురు చేరలేదు కదా, ఎవరో ఒకరు పటం చంకన పెట్టుకుని వచ్చేవారు. కిటికీ కింద నిలబడి, "హబీబుల్లాప్పా! అప్పో! ఇంట్లో ఉండావా?" అని కేకేసేవారు. బదులు చెప్పకూడదు. ఇద్దత్‌లో ఉన్న ఆడదాని గొంతు కూడా పరాయివాడి చెవిన పడకూడదంటుంది ఖాలా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. పిలిచి పిలిచి, "యాడికో పోయినట్టుండాడు," అనుకుంటూ పోయేవారు. అంటే వాళ్ళకు ఆయనింకా ఉన్నాడు. ఎక్కడికో పోయాడు, వస్తాడు. ఆ పూటంతా మైమూన్‌కు కూడా అలాగే అనిపించేది. ఒకరోజు రాజుపాలెం నుంచి ఒక ముసలాయన వచ్చాడు. గొంతు వింటే అరవై దాటినట్టుంది. చచ్చిపోయిన మనవరాలి ఫొటో ఒక్కటే ఉందట, అద్దం పగిలిందట, చెద పట్టకముందే వేయించుకుపోవాలట. పిలిచి, కాసేపు కూర్చుని, మళ్ళీ పిలిచాడు. "అప్పా, శానా దూరం నడిచొచ్చినా." ఇంక ఆగలేకపోయింది. "లేడు," అంది. ఒక్క మాట. ఎంతో కాలంగా మనిషితో మాట్లాడని గొంతు, తుప్పు పట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. అవతల పటం చంకకెత్తుకున్న చప్పుడు. తరవాత ఆ ముసలాయన నెమ్మదిగా, "నాకు తెల్దు తల్లీ. తప్పైపోయింది," అన్నాడు. అడుగులు దూరమయ్యాయి. ఆయన ఫొటోకు చాలిన అద్దం అదిగో, ఆ గోడకే ఆనించి ఉంది. కలం అప్పటికింకా గూట్లోనే ఉంది. తను లోపల ఉంది, పని తెలిసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని. లేడు అన్న మాట నోటితో అన్నది అదే మొదటిసారి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తరవాతేనా బండ పేల్చే తూటాల గొడవ? ఆ తరవాతే. సందు చివర దూది మిల్లుకు బావి తవ్వుతున్నారు. రెండు మట్లు, రెండు నిలువుల లోతు, దిగాక బండ తగిలింది. రోజూ మధ్యాహ్నం ఒకడు "తూటా! తూటా!" అని అరుచుకుంటూ సందంతా పరిగెత్తేవాడు. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. బండ మీద తుమ్మకంపలు, తడి గోతాలు కప్పి ముట్టించేవారట. రాళ్ళు ఎగిరి పడకుండా అదీ ఒక కప్పే. రోజూ గూట్లో గిన్నెలు గలగలలాడేవి, అంతే. ఒకనాడు మాత్రం కేక వినబడింది గానీ పేలుడు రాలేదు. అయిపోయిందేమో అనుకుని చాప మీద ఒరిగింది. అప్పుడు వచ్చింది. నేల ఒక్కసారి వీపును తన్నింది. మిద్దె లోపలి సున్నం రాలింది. ఆ చప్పుడంతా అణిగాక, అంతా నిశ్శబ్దమయ్యాక, కిటికీలోంచి సన్నగా ఒక చప్పుడు: టిక్. అంతే. చక్కెర పలుకు పంటికింద నలిగినంత చప్పుడు. ఏమీ రాలలేదు. గుడ్డ అలాగే ఉంది. అద్దం చీలిందా? బద్ద సర్దుకుందా? చూడ్డానికి లేదు, గుడ్డ ఉంది. గుడ్డ తీయడానికి లేదు, ఇద్దత్ ఉంది. గోటితో కొట్టి చూస్తే తెలిసిపోతుంది. మంచి అద్దం టంగుమంటుంది, చీలిన అద్దం చెక్కలా మూగగా పలుకుతుంది. అదీ ఆయన నేర్పిందే. లేచి కిటికీ దాకా పోయింది. వేలు మడిచింది. కొట్టలేకపోయింది. ఆ రోజు కొట్టలేదు, తరవాతా కొట్టలేదు. ఏది వినాలని ఉందో తనకే తెలియలేదు. పగలాలనే ఉంది ఒక మూల. షావుకారు అద్దాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి కదా, ఇదొక్కటన్నా పగలనీ, లోకంలో ఒక్క అద్దమన్నా ఆయన పోయినందుకు పగలనీ అని. ఇంకో మూల, ఇది కూడా పోతే ఆయన చేసిందంటూ నాకేం మిగిలింది అని. అందుకని రోజూ దాని ఎదురుగా కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా, అలా ఉంచేసింది.

వెలుతురు పలకల మీదినుంచి పైకి పాకి పలచబడింది. అన్న ఇంట్లో ఈ వేళకు ఏం జరుగుతూ ఉంటుంది? వదిన మస్తానమ్మ పొయ్యి ముట్టిస్తూ, పిల్లల్ని తిడుతూ, కోళ్ళను కప్పేస్తూ ఉంటుంది. చెడ్డమనిషి కాదు. నోరు పెద్దది, అంతే. "మైమూన్ వస్తే నాకొక తోడు," అందట. తోడు అంటే పిల్లలకు నీళ్ళు పోయడం, చీనీకాయల గంపలు ఏరడం, ఎవరింట్లో కానుపైతే అక్కడికి పోయి ఉండటం. రాత్రికి వసారాలో గంపల పక్కన చాప. తిండికి లోటుండదు. మాట పడాల్సి వచ్చినా పెద్ద మాటలేమీ ఉండవు. మెల్లగా మైమూన్ అనే పేరు పోయి అత్త అవుతుంది, తరవాత ముసలత్త అవుతుంది. నాలుగు దిక్కులా ఆకాశం ఉంటుంది, కావలసినంత. కాపురానికొచ్చిన కొత్తలో లోలోపల ఏడ్చి ఏడ్చి కోరుకున్న ఆకాశమే. ఇప్పుడు వద్దు. ఈ కిటికీ పైసగంలో కనబడిన గజమంత ఆకాశమే కావాలి. ఇక్కడ ఒంటరితనం ఉంది, అబద్ధమెందుకు, గోడలకు తల కొట్టుకోవాలన్నంత ఉంది. కానీ ఇది తన ఒంటరితనం. అక్కడ నలుగురిలో పడి ఉండే ఒంటరితనం పరాయివాళ్ళింట్లో అరువు చాప మీద పడుకున్నట్టుంటుంది. ఈ మాట అన్నతో ఎలా చెప్పాలి? ఆడది ఒక్కతే ఎట్లుంటాది, నలుగురూ ఏమంటారు అంటాడు.  పోవడానికి వంద కారణాలున్నాయి, ఉండిపోవడానికి ఒక్కటంటే ఒక్కటి నోటికి రావడం లేదు. యా అల్లా, ఒక్కటి చూపించు, చిన్నదైనా సరే.

మగ్రిబ్ అజాన్ మొదలైంది. మైమూన్ కొంగు తలమీదికి లాక్కుని చివరిదాకా విన్నది. నమాజు చేసుకుంది. లేచి, దీపం కూడా పెట్టకుండా, కిటికీ దగ్గరికి పోయింది. వేలు మడిచి, ఇంకేమీ ఆలోచించకుండా, గుడ్డ మీంచే కొట్టింది. మూగగా పలికింది. ఇంకోచోట కొట్టింది. అక్కడా మూగే. పైన, కింద, మూలల్లో. ఎక్కడా మోగలేదు. పగిలింది. ఇన్నాళ్ళూ పగిలిన అద్దం ముందు కూర్చుని అది పగలకుండా ఉండాలని కాపలా కాసింది తను! నవ్వొచ్చింది. వెంటనే కళ్ళు నిండాయి, ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. ఈసారి ఖాలా ఏమనుకుంటుందో అన్న శంక లేదు. ఏడ్చి, ముక్కు చీది, వంటింట్లోంచి పట్టకారు తెచ్చి బద్దల మేకులు ఒక్కొక్కటే ఊడదీసింది. అద్దం అంచున పూసిన లప్పం పెళుసుబారి పొడిపొడిగా రాలింది. పైబద్ద తీయగానే ఖాలా అంటించిన చీర, బొద్దింకలు బంకంతా తినేసిన చీర, ఊసురుమని వేలాడింది. దాని వెనక పైసగం అద్దం ముక్కలు ముక్కలై జారి, రెండు చేతులూ వెనక్కి తీసుకునేలోపల, సందులోకి గలగలమని కూలిపోయింది. ఆ చప్పుడుకు ఎదురింట్లో మగ్గం ఆగింది. కిందిసగం కదల్లేదు. చేత్తో తడిమి చూసింది. సాలెగూడులా చీలికలే, చెయ్యంత చోటు కూడా బాగాలేదు, అయినా ఒక్క ముక్క రాల్లేదు. ఆయన అంటించిన మల్లుగుడ్డ పట్టుకుని ఉంది. మెల్లగా పట్టి, మీగడ తీసినట్టు, మొత్తంగా తీసింది. చాప మీద పడుకోబెట్టింది. పగిలినా ఆడికాడే ఉంది.

తలెత్తేసరికి కిటికీలో ఆకాశం ఉంది. అద్దం కూడా అడ్డం లేకుండా, ఇంకా కాస్త ఎర్రగా. చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఎవరింట్లోనో తిరగమోత వాసన. ఆ చౌకట్టులోకి ఒక మొహం వచ్చింది. నాలుగు నెలల తరవాత కిటికీలో కనబడిన మొదటి మనిషి మొహం, కంగారుగా, చెమటలు కారుతూ. నబీ రసూల్.

"ఏందిమ్మే ఇది? సందంతా అద్దం పెంకులు! నీకేం తగల్లేదు గదా?"

"లేదన్నా. చూసి నడువు, కాలికి గుచ్చుకుంటాయి. తలుపు తీసే ఉంది, రా."

లోపలికొచ్చి చంకలోని కోక పొట్లం పెట్టె మీద పెట్టాడు. చాప మీది అద్దం వంక, ఖాళీ చౌకట్టు వంక మార్చి మార్చి చూశాడు. "సరే పోనీలే, పగిలితే పగిలింది. కోక కట్టుకో. బస్సు పోతాది."

"ఇల్లు ఇట్ల బార్లా తెరిచిపెట్టి ఎట్ల వచ్చేదన్నా?"

"రెండు చెక్కలు కొట్టిపోదాం. రేపోమాపో ఎట్లా మూసేదే గదా."

"చెక్కలు కొడితే ఎలుగు యాడనుంచి వస్తాది?"

"ఎలుగెందుకుమ్మే, ఎవురుంటారని?"

"నేనుంటా," అంది మైమూన్.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అంటున్నానని తనకే తెలియలేదు. గొంతు ఈసారి కిర్రుమనలేదు. అన్న నోరు తెరిచాడు. ఒంటి ఆడదానివి అన్నాడు, నలుగురూ నవ్వుతారు అన్నాడు, నీ ఇష్టమన్నావు గదా అన్నాడు. అన్నీ నిజమే.  పెట్టె మీది కోక పొట్లం రెండు చేతులా తీసి, కళ్ళకద్దుకుని, గూట్లో పెట్టింది. పెట్టె మూత తెరిచి, అడుగునుంచి కలం తీసింది, దానితోపాటు ఆయన పోయిన రోజే అక్కడ దాచిన తలగుడ్డ కూడా. ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నది ఆ రోజు తరవాత ఇప్పుడే. ఒక్క క్షణం మొహం దగ్గర పెట్టుకుంది. ఇంకా కోపంగానే ఉంది ఆయన మీద. విప్పి కోతబల్ల మీద పరిచింది. లాంతరు వెలిగించింది. గోడకానించిన పలకల్లోంచి పెద్దదాన్ని ఎత్తబోతే అన్న గబుక్కున వచ్చి ఒక అంచు అందుకున్నాడు. ఎంత కోపమున్నా చెల్లెలు బరువెత్తుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు.

"బస్సు పోతాండాది," అన్నాడు, గొంతు తగ్గించి.

"రేప్పొద్దున బస్సుకు నువ్వు పోదువుగానిలే. ఈ రాత్రికి ఈడనే తిని పండుకో. ముందు ఇది పెట్టుకోవాల, పిల్లులొస్తాయి. ఆ మూల పట్టుకోన్నా."

పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడేలా, ఊపిరి కూడా పీల్చకుండా, ప్రాణమంతా చేతుల్లోకి తెచ్చుకుని పట్టుకున్నాడు. మైమూన్ చౌకట్టు కొలత చూసుకుంది, కొలబద్ద ఆనించింది, కలం మొన అంచున పెట్టి, ఆ చేతుల వంక చూసింది.

"గట్టిగా కాదన్నా," అంది. "ఊరికే పట్టుకో."